పెద్దమ్మ దాచిన బిళ్ళల సంచి

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఒకటుందంటే నేనే నమ్మేవాణ్ణి కాదు. పదో తరగతితో చదువు ఆపి గజపతినగరంలో జిరాక్సు షాపులో చేరానే గాని, సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని ఆరోగ్య పుస్తకాలన్నీ నమిలేశాను (కాన్పుల పుస్తకంతో సహా). అప్పుడే మా పెద్దమ్మకు కళ్ళు తిరగడం మొదలైంది. ఉడుపుల్లో వరినాట్లు వేస్తూ రెండుసార్లు మడిలోనే పడిపోయింది. ఇంకోసారి పడితే పొలం వైపు పోనివ్వనని మా అన్న తేల్చి చెప్పేశాడు. పొలం మానమనడం, పెద్దమ్మను అన్నం మానమనడం ఒకటే.

మా వైపు డాక్టరును హస్తవాసి చూసి ఎంచుకుంటారు. పెద్దమ్మ అప్పటికే ముగ్గురి హస్తవాసి చూసేసింది. నేను మాత్రం విజయనగరంలో ఒక డాక్టరమ్మను ఎంచాను. "ఒక్కో మనిసితో గంట మాటాడతాది, మన వంతు రాదు" అని ఆవిడ మీద అందరి ఫిర్యాదు. నాకు కావలసిందే అది. మంచి డాక్టరు ముందు వింటారని పుస్తకంలో ఉంది మరి! వాడే మందులన్నీ పట్టుకెళ్ళాలనీ ఉంది. ఆ మాటకు పెద్దమ్మ ఇంతెత్తున లేచింది.

"ఒరే, పాత డాక్టర్ల బిళ్ళలు కొత్తామెకి సూపిత్తే మనసు కట్టపడదేటిరా? బుద్దుందా నీకు?"

పైకి సరేనని, బియ్యం డబ్బా వెనక ఆవిడ దాచిన సంచిని చొక్కాలో దోపుకుని బయలుదేరాను.

"ఎలా ఉందమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే, "బాగానే ఉన్నాను తల్లీ" అంది పెద్దమ్మ (రెండు బస్సులు మారి వచ్చింది ఇది చెప్పడానికి). నేను అందుకుని, "మెదడుకు రక్తప్రసరణ లోపించిందని నా అభిప్రాయమండీ" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "కళ్ళు తిరుగుతున్నది నీకా, ఆవిడకా?" అన్నారు.

"వేరే మందులేమైనా వాడుతున్నారా అమ్మా?"

"ఏటీ లేదు తల్లీ. నీదే మొదలు."

ఇక ఆగలేక సంచి బల్లమీద బోర్లించాను. పెద్దమ్మ నా తొడ గిల్లిన మచ్చ వారం రోజులుంది. డాక్టరమ్మ ఒక్కో అట్టా తిప్పి చూశారు. "పేర్లే వేరు, ఈ మూడూ ఒకటే బీపీ మందు. అన్నీ వేసుకుంటున్నారా?"

"ఒకరివి మానేత్తే ఆలకి మర్యాద తక్కువ సేసినట్టు కాదేటమ్మా?" అంది పెద్దమ్మ.

ఆవిడ పడీపడీ నవ్వి, బీపీ చూసి, మూడింతల మందుకు అది పడిపోయే కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి, ఒక్క మందే ఉంచి మిగతావి ఆపేశారు. "ఈ సంచి తేకపోతే నేను నాలుగోది రాసేదాన్నేమో. మంచి పని చేశావయ్యా" అన్నారు.

కలుపుతీత నాటికి పెద్దమ్మ మళ్ళీ మడిలో ఉంది. "మావోడు సదివినోడు" అని ఊరంతా చాటింది కూడా. ఆ వారమే నలుగురు తమ సంచులతో మా అరుగు ఎక్కారు. నేను వాళ్ళకు చెప్పిందల్లా, "డాక్టరు దగ్గర ఏమీ దాచకండి" అని ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్కకే ఎంత గొంతు సవరించుకున్నానో! ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. వాడి గర్వంలో పిసరంత నాకూ మిగిలి ఉంటే బాగుండుననీ అనిపిస్తుంది.