సైంటిస్టమ్మ రద్దు చేసుకున్న మూడు పేపర్లు

వీధిలో అందరూ ఆవిణ్ణి సైంటిస్టమ్మ అనేవారు. ల్యాబులో మాత్రం చాటున మొండిఘటం అనేవారు. పదకొండేళ్ళుగా పెద్దపేగు కేన్సరు మీద పరిశోధన చేస్తున్న మనిషి. సీసాల్లో కేన్సరు కణాలను పెంచి, వాటి మీద మందులు పోసి చూడడం ఆవిడ పని. ఒక మందు ఆ కణాలను చంపుతోందని రాసిన మూడు పేపర్లు పేరున్న పత్రికల్లో అచ్చయ్యాయి. వాటితోనే ల్యాబు డైరెక్టరుకు పెద్ద పురస్కారం వచ్చింది, ఆవిడ ఉద్యోగం పర్మనెంటయింది.

నాలుగో పేపరు పంపినప్పుడు పత్రికవాళ్ళు చిన్న మెలిక పెట్టారు. వాడిన కణాలు పెద్దపేగువేనని డీఎన్‌ఏ పరీక్ష చేయించి పంపమన్నారు. దానిదేముందిలే అని పంపింది. పది రోజులకు రిపోర్టు వచ్చింది. అవి పెద్దపేగువి కావు, గర్భాశయ ముఖద్వార కేన్సరు కణాలు.

దాదాపు ప్రతి ల్యాబులోనూ పెంచే ఆ జాతి కణాలు మహా దూకుడువి. ఒక్క చుక్క పక్క సీసాలో పడితే చాలు, కొన్ని వారాల్లో అసలువాటిని తొక్కేసి తామే నిండిపోతాయి. ఆవిడ ఏడాదికొకటి చొప్పున గడ్డకట్టించి దాచిన పాత గొట్టాలన్నీ తీసి పరీక్షకు పంపింది. మొదటి రెండేళ్ళవి సరైనవే. మూడో ఏడు నుంచి అన్నీ మారిపోయాయి. ఆ ఏటి గొట్టం మీద ఉన్నది ఆవిడ చేతిరాతే. మూడు పేపర్లూ ఆ తరవాతవే.

డైరెక్టరు రిపోర్టు చదివి, లేచి తలుపు వేశాడు.

"ఈ సంగతి ఈ గది దాటకూడదమ్మా."

"దాటి ఏళ్ళయింది సార్. అచ్చు వేసి మరీ దాటించాం."

"చేజేతులా పరువు తీసుకుంటావా? ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు, అందుకే చెప్పాలి. మన మాట నమ్మి ఆ మందు రోగులకిచ్చి చూద్దామని రెండు ఆసుపత్రులు సిద్ధమవుతున్నాయి."

"పేపర్లు రద్దు చేయమని నేను సంతకం పెట్టను."

"పెట్టకండి. నేను పెడతాను."

ఇంట్లో ఉండేది ఆవిడా, అక్కా. అమ్మ పోయాక బట్టలు కుట్టి చెల్లెల్ని చదివించింది ఆ అక్కే. ఆ సాయంత్రం మిషను ఆపి అంతా వింది.

"నీ చేతిలోనే జరిగిందా?"

"నా చేతిలోనే అక్కా. ఏ పూట జరిగిందో తెలీదు."

"కుట్టు తప్పితే విప్పాలే గానీ, పైన ఇస్త్రీ చేస్తే దాగుతుందా? విప్పేటప్పుడు గుడ్డ కాస్త చిరుగుతుంది. చిరగనీ."

ఆవిడ కాసేపు ఏడ్చింది. తరవాత మొహం కడుక్కుని మూడు పత్రికలకూ ఉత్తరాలు రాసింది.

ఆరు నెలల్లో మూడు పేపర్లూ రద్దయ్యాయి. డైరెక్టరు ఆవిడ విద్యార్థులను వేరేవాళ్ళకిచ్చేసి, ఆవిణ్ణి స్టోరు పక్కన కిటికీ లేని గదిలోకి నెట్టాడు. క్యాంటీనులో ఆవిడ బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. కూర్చున్న కొమ్మ నరుక్కుందన్నారు. రాజీనామా చేస్తుందని ఎదురుచూశారు, చేయలేదు. రిటైరవబోతున్న టెక్నీషియన్ ఒకాయన మాత్రం, "నాకెలాగూ ప్రమోషన్ రాదు, ఇంక భయం దేనికి?" అంటూ తన కుర్చీ తానే మోసుకుని ఆవిడ గదికి వచ్చాడు.

ఎక్కడో పుట్టి చేతులు మారిన సీసాలను ఆవిడ ఇక నమ్మదలచుకోలేదు. ఎవరి కడుపులోంచి వచ్చాయో తెలిసిన కణాలే కావాలనుకుంది. రోడ్డుకు అవతలి ఆసుపత్రి సర్జన్‌ను బతిమాలి, రోగుల అనుమతితో, కోసిన కణితి ముక్కలు ఐసు డబ్బాలో తెచ్చుకునేది. పేగంటేనే సూక్ష్మక్రిముల పుట్ట. ఎంత కడిగినా రెండో రోజుకు సీసా మబ్బుగా మారి కణాలు చచ్చిపోయేవి. అలా ఇరవైమూడు ముక్కలు పోయాయి.

"నేను కష్టపడి కోస్తుంటే, మీరు సుఖంగా పారేస్తున్నారు" అన్నాడు సర్జన్.

"మీరు కోయడం మానకండి. నేను పారేయడం ఎప్పుడు మానాలో కణాలు చెప్తాయి."

ఇరవైనాలుగోది ఒక బస్సు కండక్టరుది. అనుమతి అడిగితే ఆయన నవ్వాడు.

"నన్ను తినడానికొచ్చిన దాన్ని కూర్చోబెట్టి మేపుతారా తల్లీ?"

"మేపి, దేనికి చస్తుందో చూస్తామండీ."

"అయితే తీసుకెళ్ళండి. బాగా ఏడిపించండి."

ఆ ముక్క బతికింది. తొమ్మిదో రోజున సీసా అడుగున కణాలు గుంపులు కట్టాయి. టెక్నీషియన్ సూక్ష్మదర్శినిలో చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆవిడ ముందు డీఎన్‌ఏ పరీక్ష చేయించింది. పెద్దపేగువే, కండక్టరువే. అప్పుడు పాత మందు పోసింది. కణాలు చెక్కుచెదరలేదు. తన పాత మాట తప్పని తానే రుజువు చేసి రాసింది. పేపర్లు రద్దయ్యాక ఊగిసలాడుతున్న ఆ రెండు ఆసుపత్రులూ దాంతో మందు ప్రయోగం పూర్తిగా మానుకున్నాయి.

ఆ కొత్త పేపరు అచ్చుకు వెళ్ళే ముందు డైరెక్టరు కబురు పంపాడు. ల్యాబు తనది కాబట్టి తన పేరూ ఉండాలట. ఆవిడ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఆ స్టోరు పక్క గదికి దారెటో చెప్పండి సార్, పేరు పెడతాను."

ఆయన ఫైలు తిరగేస్తూ కూర్చున్నాడు. పేపరు మీద ఆవిడ పేరు, టెక్నీషియన్ పేరు, సర్జన్ పేరే వచ్చాయి.

కండక్టరు అది చూడలేదు, అప్పటికి రెండు నెలల ముందే పోయాడు. ఆవిడ వాళ్ళింటికి వెళ్ళి, ఆయన కణాలు ఇప్పుడు తొమ్మిది ల్యాబుల్లో పెరుగుతున్నాయని ఆయన భార్యకు చెప్పింది.

"దాన్ని చంపే మందు దొరికిందా?" అని అడిగింది ఆ ఇల్లాలు.

"ఇంకా లేదమ్మా. దొరక్కుండా దొరికిందని మాత్రం చెప్పను."

ఆమె లేచి వీధి తలుపు బార్లా తీసింది.

"మరి ఇక్కడ కూర్చున్నారేం? వెళ్ళి పని చూడండి."