తూర్పు హద్దు: జనగామ నుంచి భూపాలపల్లి దాకా

ఈ ప్రయాణం పెట్టుకున్నది కుళ్లుతో. ముందే చెప్పేస్తున్నాను. మానుకోటలో మా సడ్డకుడు వెంకన్నకు, పట్టణం మురుగును శుద్ధి చేసి వదిలే నీళ్లను పొలానికి పెట్టుకోవడానికి సర్కారు అనుమతి వచ్చింది. జనగామ పక్కన నేనూ అదే అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను. నాది రెండుసార్లు తిరిగొచ్చింది. వెంకన్న నా భార్య చెల్లెలి మొగుడు, నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. నా బోరు ఎండిపోయింది. మేత లేక ఆరు బర్రెల్లో రెండింటిని అమ్మేశాను. మిగిలినవాటికి బేరగాడు ఆదివారం వస్తానన్నాడు. ఇంట్లో మాత్రం రోజూ వెంకన్న పురాణమే.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు జనగామలో రైలెక్కాను. వరంగల్ దాకా నిలబడక తప్పదు, తర్వాత సీటు దొరుకుతుంది. పక్కన మామిడికాయల సంచితో ఒక అవ్వ.

"ఏడికి బిడ్డా?"

సడ్డకుని పొలం చూడటానికన్నాను.

"బాగ పండిందా?"

"పండిందట."

"అయితే సూడకు. సూసినంక నీకు అన్నం సయించది."

తొమ్మిదింబావుకు మానుకోటలో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని ఆటో ఎక్కాను. అవ్వ చెప్పింది నిజమే. మనిషెత్తు గడ్డి, దాని మధ్యకు ఊదా రంగు పైపు, గేటుకు పసుపు బోర్డు: "శుద్ధి చేసిన మురుగునీరు. తాగరాదు." తాగొద్దని రాసిన బోర్డును చూసి కూడా కడుపు మండించుకున్న మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"కూరగాయలకు పెట్టనియ్యరన్నా. గడ్డికి, చెట్లకే," అన్నాడు వెంకన్న. "నీళ్లు పరీక్షకు గూడ తీస్కపోతుంటరు. నీకెందుకు రాలేదో నాకర్థమైతలేదు."

ఆ జాలికి ఒళ్లు మండింది. "ఎవర్ని పట్టుకున్నవ్?" అని అడిగేశాను.

"ఎవర్నీ పట్టుకోలే. నా ఫైలు చూసిన ఇంజనీరమ్మ ఇప్పుడు భూపాలపల్లిల ఉన్నది. నీ కాయితాలు తీస్కపోయి సూపియ్యి."

మరదలు అన్నం తిని పొమ్మంది. ఆ ఇంటి ముద్ద నాకు దిగేలా లేదు. పదిన్నర బస్సెక్కాను.

ఈ దారిన వెళ్లేవాళ్లు నర్సంపేటలో ఒకసారి, ములుగులో ఒకసారి బస్సు మారాలి. ములుగులో భోజనం చేశాను. పప్పు బాగుందనే అనుకుంటాను, మెచ్చుకునే స్థితిలో లేను. ఘనపూర్ మీదుగా మూడింటికి భూపాలపల్లి చేరి, నేరుగా ఆఫీసుకు వెళ్లాను.

ఇంజనీరమ్మ మర్యాదగానే కూర్చోబెట్టింది. "వెంకన్న ఫైలు మూడుసార్లు వాపస్ పంపిన," అంది. ఆ మాట అతను నాకు చెప్పనే లేదు. "పక్క చేను ముసలామె తాగే బోరు గట్టు మీదనే ఉండె. ఆమె ఇంటికి మంచినీళ్ల లైను ఏసిచ్చి, సంతకం తెచ్చిండు."

తర్వాత నా కాయితాలు తిరగేసింది. "తూర్పు హద్దు బంజరు అని రాసిన్రు. మరి ఈ ఫోటోల గట్టవతల బోరు మోటరు డబ్బా ఎవరిది?"

ఆ ఫోటో నేను తీసిందే. ఆ డబ్బా ఉప్పలయ్యది. గట్టు తగాదాలో మా ఇద్దరికీ మాటల్లేక ఐదేళ్లు. హద్దుల్లో అతని పేరు రాస్తే సంతకానికి అతని గుమ్మం తొక్కాలి. అందుకని అతను సాగుచేసుకునే చేనును కాయితం మీద బంజరు చేసేశాను. ఊళ్లో మాత్రం ఆఫీసువాళ్లు తిప్పుతున్నారని చెప్పుకున్నాను.

"అటు దిక్కు జాగ ఇడిసిపెట్టి, ఆయన సంతకం తేండ్రి," అందామె. "నీళ్లకు పర్మిషన్ మేమిస్తం గని, గట్టవతలోళ్ల ఒప్పుకోలు యాడికెల్లి తెస్తం?"

నాలుగున్నరకు హనుమకొండ బస్సు దొరికింది. పరకాల దాటాక ఉప్పలయ్యకు ఫోన్ చేశాను.

"ఉప్పలన్నా, నేను."



"గడ్డి నీళ్ల గురించేనా?" అన్నాడు. "చెకింగుకొచ్చిన సారు నన్నే అడిగిండు, గిది బంజరట గద అని. నేను పార పట్టుకొని అండ్లనే నిలబడి ఉన్న."

"తప్పయిందన్నా."

"మా పిల్లలు తాగే బోరది. దానికేం జేస్తవ్?"

"గట్టు పక్క జాగ ఇడిసిపెడ్త. మనం కొట్లాడిన తావంత. అటు సుక్క నీళ్లు పెట్టను."

"రేపు పొద్దుగాల కాయితం పట్టుకొని రా. బర్రెలను అమ్మకు," అని పెట్టేశాడు.

హనుమకొండలో బస్సు మారి జనగామ చేరేసరికి ఎనిమిదైంది. ఏడాదంతా వెంకన్నను చూసి ఏడ్చాను. ఒక్కరోజులో ఇన్ని జిల్లాలు తిరిగినా నా కుళ్లు తగ్గలేదు. కాకపోతే ఇప్పుడది ఉప్పలయ్య మీద. అతని చోట నేనుంటే ఆ ఫోనే ఎత్తేవాణ్ణి కాదు.