పిండితే చుక్క పడని తడి

మొన్న బుధవారం పొద్దున్నే పాలమనిషి పాలు పోయకుండానే చెప్పింది: "పక్కింటి టీచరుగారు పోయారండీ. వరండాలో కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నారు." నాకంటే ఆరేళ్ళు చిన్న. ఎక్కడా నన్ను దాటి ముందుకు నడవని మనిషి, ఈ ఒక్కదానికే తొందరపడ్డారు.

మా నూజివీడులో మామిడి తప్ప మరో మొక్క పేరెత్తితే వింతగా చూస్తారు. అలాంటి ఊళ్ళో ఆవిడ వరండాలో ఆంథూరియం పెంచారు. కాయదు, వాసన లేదు, పువ్వేమో లక్క పూసిన తమలపాకు. "దీన్నేం చేసుకుంటారండీ?" అని నేనే అడిగాను. "చూసుకుంటానండి అక్కయ్యగారూ," అన్నారు. చనిపోయిన వాళ్ళక్క ఇచ్చిన మొక్క అని తరవాత తెలిసింది. నోరు ముందే మూసుకోవలసింది. నాకది అలవాటు లేదు.

బెజవాడలో కొత్త బ్యారేజీ మీద బస్సులు తిరగడం మొదలైన వేసవిలో ఆ మొక్క మొదలుకు కుళ్ళు పట్టింది. పైకాడకు తడి నాచు చుట్టి, అక్కడ వేళ్ళు పుట్టాక కోసి నాటితేనే బతుకుతుందన్నారు. అది మన చెరువు నాచు కాదు. కొండల మీద పెరుగుతుంది. ఎండితే మెత్తటి గడ్డి, తడిపితే దూదిలా నీళ్ళు పట్టి ఉంచుతుంది. ఊటీనుంచి ఎవరో స్నేహితురాలు సంచెడు పంపింది. ఆ రోజే టీచరుగారు పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్ళవలసి వచ్చి, సంచి మా ఇంట్లో పెట్టి "తడవకుండా చూడండి" అన్నారు.

తడవనివ్వలేదు. ఆగిరిపల్లి తోటనుంచి రసాలు దిగాయి. గాలివానకు మా వరిగడ్డంతా నానిపోయింది. ఎదురుగా సంచెడు పొడిగడ్డి. కాలేజీ మెట్లెక్కినదాన్నే, కాయలన్నీ అందులో మాగవేశాను.

వారానికి ఆవిడ వచ్చేసరికి నాచు నిండా సొన, కుళ్ళిన కాయల రసం. మళ్ళీ తెప్పించాలంటే నెల పడుతుంది. నాచు చుట్టకపోతే మొక్క పది రోజులు కూడా ఆగేలా లేదు. సంచి తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

"కాయలు మాగాయా అక్కయ్యగారూ?"

"మాగాయి."

"అయితే ఒకటి పెట్టండి. తిని మొదలుపెడదాం."

తిన్నారు. ఇద్దరం గంగాళం ముందు కూర్చుని పాడవని పోగులు ఏరి, ఆరు నీళ్ళు మార్చి కడిగాం. రెండు దోసిళ్ళు మిగిలింది. నీళ్ళోడుతున్న నాచు అందిస్తే వెనక్కిచ్చారు. "పిండితే చుక్క పడకూడదు. చేతికి చల్లగా తగలాలి. అంతే తడి."

మనుషుల దగ్గరా ఆవిడది అదే కొలత. మావారు పోయినప్పుడు రోజూ వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళేవారు. ఓదార్పుతో ముంచెత్తలేదు, ఒక్కరోజూ మానలేదు.

ఐదోవారానికి, పైకాడకు చుట్టిన నాచులోంచి తెల్లటి వేరు బయటికొచ్చింది. ఆ పైకాడ కోసి కుండీలో నాటి, తెచ్చి నా గడపలో పెట్టారు.

"ఇదేంటండీ, మీ అక్కగారి మొక్క!"

"నాచు పాడుచేసినందుకు శిక్ష. రోజూ చూసుకోండి."

కుళ్ళు చెక్కేసిన మొదలును మాత్రం మిగిలిన నాచులో పెట్టి తానుంచుకున్నారు. అది చిగురు వేయడానికి దసరా దాటింది. ఆవిడ దాన్ని తొందరపెట్టలేదు, రోజూ తడిపారు.

బుధవారం నేను వెళ్ళేసరికి లోపల ప్రార్థన జరుగుతోంది. వరండాలో ఆ మొదలున్న కుండీ. నాచు ఇంకా తడిగానే ఉంది, దాని మీద నాలుగు వేళ్ళ నొక్కులు. పొద్దున్న సర్ది కుర్చీలో కూర్చున్నట్టున్నారు. వాళ్ళమ్మాయి కుండీ తెచ్చి నా చేతికిచ్చింది.

ఇవాళ్టికి నాచు అంచులు తెల్లబడ్డాయి. నీళ్ళు పెట్టక తప్పలేదు. ఆ నొక్కులకు చెయ్యి తగలకుండా, చెంబుతో కుండీ అంచు వెంబడి పోశాను.