గాజులు అమ్మకూడని రాజ్యం

ఆ రోజుల్లో కోపమే నా అసలు ఉద్యోగం. హోసూరు ఫ్యాక్టరీలో చేసేది ఖర్చుల కోసం. పొద్దున లేవగానే ఇవాళ ఎవరి మూఢత్వాన్ని ఖండించాలా అని వెతుక్కునేవాణ్ణి. హేతువాద సభల్లో వాదించడం నేర్చుకున్నవాణ్ణి కనుక, మీ ప్రతిపాదన ఏమిటి, దానికి ఆధారం ఏమిటి అని అడగకుండా ఎవరితోనూ టీ తాగేవాణ్ణి కాదు. (టీ కొట్టువాడు నన్ను దూరాన చూడగానే పాటల శబ్దం పెంచేవాడు.) ఇన్నేళ్ళలో ఆ కోపం చాలావరకు చల్లారింది. ఈ ఒక్క విషయంలో మాత్రం చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.

మా ఫ్యాక్టరీ బస్సులో ఒక అభిమాన సంఘం ఉండేది. డ్రాగన్లూ మాంత్రికులూ తిరిగే ఒక విదేశీ వెబ్ సిరీస్‌కు వాళ్ళు భక్తులు. ఆ సిరీస్ పేరిట గురుబరపల్లి దగ్గర హైవే పక్కన పెద్ద పార్కు రాబోతోందని ఎవరో ఫోన్‌లో పంపారు. అంతే. పునాది రాయి పడలేదు, స్థలం ఎవరిదో తెలియదు, కానీ అందులో ఏ అంగట్లో ఏం అమ్ముతారన్నది మాత్రం హోసూరు నుంచి రాయకోట దాకా రోజూ తేల్చేసేవారు. మంత్రదండాల అంగడి కోట గుమ్మానికి ఎడమనా కుడినా అన్నదాని మీద మా ఫ్యాక్టరీ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు మాటలు మానేశారు. డ్రాగన్ గుడ్డు దీపంగా వస్తుందా, టిఫిన్ డబ్బాగా వస్తుందా? మాంత్రికుల అంగీ మన ఎండలకు నూలుబట్టలో దొరుకుతుందా? ఇంకా కట్టని అంగడి ముందు వరుసలో నిలబడి, తమను ఎలా దోచుకోవాలో దోచేవాడికి తామే సలహాలిస్తున్న ఆ మనుషులను చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఓవర్‌టైం గురించి మేనేజర్‌ను ఒక్క ప్రశ్న అడగని నోళ్ళు అవే. పార్కు వస్తే ఎవరి మామిడితోట పోతుందని అడిగాను ఒకరోజు. "డ్రాగన్ రైలుకు జాగా కావల్ల గదప్పా" అన్నాడు వాళ్ళ నాయకుడు. అతన్ని అందరూ మహామంత్రి అనేవారు. (ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు.)

రాయకోటలో మా చిన్నాయనకు గాజుల అంగడి. బస్సు దిగిన సంఘం అక్కడే కూర్చునేది, ఎందుకంటే ఆయన బల్ల వేసి మజ్జిగ ఇచ్చేవాడు. పాపం, వాళ్ళ మాటలను వ్యాపారి చెవులతో వినేవాడు. జనం ఎంతమంది వస్తారు, ఆడవాళ్ళు ఏ దారిన నడుస్తారు, గాజులు ఏ వైపు పెడితే కనబడతాయి అని అడిగేవాడు. ఒక శుక్రవారం పూజ అయ్యాక, ఉత్సాహం పట్టలేక మహామంత్రి అక్కడున్న పళ్ళెంలోనే ఆకులూ వక్కా సర్ది, కోట లోపల మొదటి అంగడి మీదేనని చిన్నాయన చేతిలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళకది ఆట. మా వ్యాపారుల ఇళ్ళలో మాత్రం తాంబూలం చేతులు మారితే బేరం కుదిరినట్టే. కాగితం వచ్చినా రాకపోయినా ఒకటే. వారం తిరగకుండా తెలిసింది: చిన్నాయన అంగడి ఖాళీ చేస్తానని ఓనరుకు చెప్పేశాడు, దానిలోకి దిగబోయే మొబైల్ ఫోన్ల వ్యాపారి ఆ సాయంత్రమే తాళాలకు వస్తున్నాడు.

పరిగెత్తుకుంటూ పోయాను. చిన్నమ్మ గాజులను గడ్డిలో చుట్టి పెట్టెల్లో సర్దుతోంది. ఆమె బతుకంతా ఆ అంగట్లోనే గడిచింది.

"ఆ పార్కు లేదు చిన్నాయనా" అన్నాను.

"ఉండాదో లేదో నాకేం తెలుసప్పా. తాంబూలం తీసుకున్నది తెలుసు."

"తనది కాని అంగడిని అతను ఎట్ల ఇస్తాడు?"

"అది ఇచ్చినోని తప్పు. తీసుకున్నాక మాట మార్చేది మన ఇంట్లో లేదు."

సభల్లో నేర్చుకున్న అస్త్రాలన్నీ వేశాను. ఒక్కటీ తగల్లేదు. బస్టాండుకు పోయి మహామంత్రి చొక్కా పట్టుకున్నాను. చిన్నాయన అంగడి ఖాళీ చేస్తున్నాడని చెప్పాను. "ఊరికే ఆటకు ఇచ్చినాను గదప్పా" అన్నాడు. నీ ఆటకు ఒక ఆడమనిషి తన బతుకును గడ్డిలో చుడుతోందని చెప్పి, అట్లాగే లాక్కొచ్చాను.

అతను చేతులు జోడించి పళ్ళెం తిరిగి ఇమ్మన్నాడు. కారణం లేకుండా తాంబూలం వెనక్కి అడగడం అవమానమని చిన్నాయన ముఖం గంటు పెట్టుకున్నాడు. మహామంత్రి ఒక కారణం వెతుక్కున్నాడు. ఆ రాజ్యంలో రాణి శాపం ఉందనీ, కోట లోపల గాజులు అమ్మకూడదనీ గొణిగాడు. (అప్పటికప్పుడు పుట్టిన శాపం అది.)

చిన్నాయన నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పప్పా. లేనిదాన్ని ఉండాదనేవాడివి కాదు నువ్వు. ఆ కోటలో గాజులు అమ్మకూడదా?"

ఫోన్ల వ్యాపారి అప్పటికే గడపలో నిలబడి ఉన్నాడు. చిన్నమ్మ చేతిలో గాజులు ఆగిపోయాయి.

"అమ్మకూడదు చిన్నాయనా" అన్నాను. "రాణి శాపం."

"మూడో భాగంలో" అని సాయం పట్టాడు మహామంత్రి.

"మూడో భాగంలో" అన్నాను నేనూ. పళ్ళు నూరుకుంటూ అన్నాను.

చిన్నాయన పళ్ళెం మహామంత్రి చేతిలో పెట్టేశాడు. "గాజులు లేని రాజ్యంలో మనకేం పని" అన్నాడు. ఫోన్ల వ్యాపారితో ఎవరూ ఇంకా తాంబూలం మార్చుకోలేదు కనుక అతనికి మజ్జిగ ఇచ్చి పంపేశాడు.

పార్కు ఇప్పటికీ రాలేదు. సంఘం ఇప్పటికీ ఫోన్లలో అంగళ్ళు పంచుకుంటూనే ఉంది, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది. అప్పుడప్పుడు రాయకోట పోతే, గాజులు తొడిగించుకోవడానికి వచ్చిన వాళ్ళకు చిన్నాయన చెబుతుంటాడు: "గాజులే అమ్మకూడని రాజ్యం ఒకటుండాదమ్మా. మా అన్న కొడుకు చెప్పినాడు. వాడు అబద్ధం చెప్పడు." ఖండించాలని నోరు తెరుస్తాను. చిన్నమ్మ నా వైపు ఒకసారి చూస్తుంది. ఆ రోజు పళ్ళు నూరుతూ రాణి శాపానికి సాక్ష్యం చెప్పిన కుర్రవాడు గుర్తొచ్చి నవ్వు వస్తుంది. పచ్చగాజుల డబ్బా అందిస్తాను.