నాన్నమ్మ మెచ్చిన ఫ్యాను

ఆ రోజుల్లో మా పోర్ట్ బ్లెయిర్‌లో కంప్యూటర్ కొనుక్కున్నవాడు మామూలు మనిషి, విడిభాగాలు తెప్పించి సొంతంగా బిగించుకున్నవాడు ఇంజనీరు. డిగ్రీ రెండోసారి కూడా తప్పిన నేను ఆ లెక్కన ఇంజనీరునే. ఓడలో వచ్చిన సామానంతా డాలీగంజ్‌లోని మా ఇంటి ముందుగదిలో పరుచుకుని, అందరూ చూస్తుండగా బిగించాను. అన్నీ కుదిరాయి గానీ, లోపలి వేడిని బయటికి నెట్టే ఫ్యాన్ల దగ్గరే నా బుద్ధి గడ్డి తింది. గోల్ ఘర్ దుకాణంలో నల్లగా మొద్దుగా ఉన్న ఫ్యాన్లూ ఉన్నాయి, తిరుగుతుంటే నీలం లైటు వెలిగేవీ ఉన్నాయి. నేను ఏవి తెచ్చానో చెప్పక్కర్లేదు. (గాలి సంగతి దుకాణంవాడు చెప్పబోయాడు. ఇంజనీరుకి చెప్పేదేమిటని నేనే విన్లేదు.)

పెట్టెకి ఊపిరి వచ్చిన వారానికే పెళ్ళి వీడియోలు తీసే క్యాసెట్ భయ్యా నాకు మొదటి పని ఇచ్చాడు. డైరీ ఫార్మ్ పేటలో జరిగిన శ్రావణమాసం పెళ్ళి. "పెళ్ళికూతురోళ్ళు శుక్రవారం వైజాగ్ షిప్ ఎక్కేస్తారు. జెట్టీ దగ్గర డీవీడీ చేతిలో పెట్టాల. ఏక్ బార్ కరెక్టుగా ఇచ్చావనుకో, సీజనంతా నీకే, సమ్‌ఝే?" అన్నాడు. కాంట్రాక్టు పనులు చేసే మా నాన్న పక్కనుంచి విని, "ఇదీ తప్పేవనుకో, సోమవారం నుంచి నాతో సైటుకి వచ్చి సిమెంటు బస్తాలు మొయ్యి" అన్నారు. నాన్న ఇలాంటి మాటలు సరదాకి అనరు.

కత్తిరించి అతికించిన పెళ్ళినంతా కంప్యూటరు ఒక్క సినిమాగా వండిపెట్టాలి. ఆ వంటకి గంటలు పడుతుంది, పెట్టె పొయ్యిలా కాగుతుంది. మొదటిసారి తలంబ్రాల దాకా వచ్చి టప్పున ఆగిపోయింది. వేడెక్కితే దానంతటది ఆరిపోతుందని నాకు తెలుసు. సిగ్గు చంపుకుని నల్ల ఫ్యాను తెచ్చి, అగరొత్తి పొగతో గాలి ఎటు పోతుందో చూసి, వెనకవైపు బిగించాను. ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనక నుంచి వేడి బయటికి. నాన్నమ్మ వచ్చి పెట్టె వెనక చెయ్యి పెట్టి చూసి, "ఈ కొత్త ఫ్యాను బాగుందిరా!" అంది. ఇంట్లో నా విద్యని గుర్తించిన ఏకైక మనిషి! నేను పొంగిపోయాను. ఈసారి జీలకర్రా బెల్లం దగ్గరే ఆగిపోయింది. ఇంకా పెద్ద ఫ్యాను పెట్టాను. "ఇదింకా బాగుంది" అని నాన్నమ్మ మెచ్చుకుంది. ఈసారి ఎదురుకోలు కూడా దాటలేదు. నేను ఫ్యాను పెంచిన కొద్దీ పెళ్ళి వెనక్కి నడుస్తోంది! విప్పి చూద్దామని స్క్రూడ్రైవరు తీస్తే చాలు, నాన్నమ్మ పరుగున వచ్చి వెనక ఏదో సర్ది వెళ్ళేది. దుమ్ము దులుపుతోంది కాబోలు, ఎంత ప్రేమ అనుకునేవాణ్ణి. విప్పి పరీక్షిస్తే అంతా చల్లగా, బుద్ధిగా తిరిగేది.

గురువారం మధ్యాహ్నం మళ్ళీ ఆగింది. ఈసారి స్క్రూడ్రైవరు తియ్యలేదు, ఏడుపొచ్చి బల్ల మీద తల పెట్టుకున్నాను. అప్పుడు కనిపించింది, బల్లకీ గోడకీ మధ్య తెల్లగా ఏదో. లేచి తొంగి చూస్తే పెట్టె వెనక ఫ్యానుకి అంటుకుని రెండు, కిటికీ ఊచకి కట్టిన తాడు మీద ఇంకో నాలుగు. పురిటికొచ్చిన మా అక్క నెలల పిల్ల పక్కగుడ్డలు!

"నాన్నమ్మా!" అని అరిచాను.

ఆవిడ పిల్లని భుజాన వేసుకునే వచ్చింది. "అరవకురా, బచ్చీ లెగిసిపోద్ది. ఏటి సెయ్యమంతావు? వాన మొదలై ఎండ మొకం సూడనేదు. తడిగుడ్డలేసి పిల్ల తొడలు ఎర్రగా ఒరిసిపోనాయి. నీ డబ్బా ఎనకాల యేస్తే చిటికెలో ఏక్‌దమ్ సూఖా అయిపోతన్నాయి. నువ్వు ఫ్యాను మార్సినప్పుడల్లా ఇంకో గుడ్డ యేసేదాన్ని."

అంటే ఆవిడ మెచ్చింది నా విద్యని కాదన్నమాట. కోపం నెత్తికెక్కింది. అంతలో నాన్నమ్మ పిల్ల ఒంటి మీది గుడ్డ తప్పించి చూపించింది. ఆ ఎర్రటి తొడలు చూశాక ఏ పెళ్ళీ గుర్తుకు రాలేదు. బల్లని గోడ నుంచి మూరెడు ముందుకి జరిపాను. ఫ్యానుకి ఊపిరాడేటంత దూరంలో తాడు కట్టి, ఒక్కొక్క గుడ్డే వెయ్యాలని నాన్నమ్మతో ఒప్పందం చేసుకున్నాను. ఆవిడ పీట వేసుకుని కూర్చుని, ఆరిన గుడ్డ తీసి తడిగుడ్డ వేస్తూ, మధ్యమధ్య "ఒరే, మూడు ముళ్ళూ పడ్డాయా?" అని కనుక్కుంటూ ఉంది. దీపాల వేళకి పడ్డాయి. అప్పగింతలు కూడా అయ్యాయి. శుక్రవారం జెట్టీలో పెళ్ళికూతురు డీవీడీ అందుకుంటుంటే క్యాసెట్ భయ్యా నా వీపు మీద ఒక్కటి చరిచాడు. సిమెంటు బస్తాల బాధ తప్పింది.

ఆ పక్కగుడ్డల పిల్ల ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. మొన్న తన కంప్యూటరు తనే బిగించుకుంది. అద్దాల పెట్టె, లోపల ఇంద్రధనుస్సులా వెలిగే ఫ్యాన్లు. (మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది!) నేను వెళ్ళి ఆ బల్లని మూరెడు ముందుకి లాగాను.

"మావయ్యా, అంత జగా దేనికి? జానెడు చాలు కదా!" అంది.

నాన్నమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నాకు ఆవిడ మీద బెంగ ఇలాంటి చోట్లే పుడుతుంది. పెట్టె వెనక చెయ్యి పెట్టాను. గోరువెచ్చటి గాలి అరచేతికి తగిలింది.

"ఈ కొత్త ఫ్యాను బాగుందే!" అన్నాను.

పాపం, ఆ మెప్పు తన పనితనానికే అనుకుని పిల్ల పొంగిపోయింది.