కాశీలో వదిలిన చాయ్

ఈ పొద్దున కోడలు పులిహోరకని నిమ్మకాయలు కోస్తుంటే నేను పక్కన కూర్చుని పేపరు చదువుతున్నాను. ఊరికే ఒక కాయ చేతిలోకి తీసుకుని తొక్కను గోటితో గీరాను. ఆ ఘాటు ముక్కుకు తగిలాక ఇక పేపరు ఎక్కడ చదువుతాను! నలభై ఏళ్ల కిందటి బస్సు, దాని డీజిలు కంపు, కిటికీ పక్కన నిమ్మకాయ ముక్కుకు ఆనించుకుని కళ్ళు గట్టిగా మూసుకున్న మా అమ్మ, అన్నీ కట్టగట్టుకుని వచ్చేశాయి. నిమ్మకాయ వాసనకు అందరికీ నోరూరుతుందంటారు. నాకు మాత్రం నేపాలు కొండలు గుర్తొస్తాయి.

మా అమ్మ అనసూయమ్మను మీరు చూసి ఉండరు. చూసినా గమనించి ఉండరు, ఎందుకంటే ఆమె సగం జీవితం పరదా వెనకే గడిచింది. వరంగల్ చౌరస్తా దగ్గర మాకు కిరాణా దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు, దానికొక పరదా. బాపు గల్లాపెట్టె ముందు కూర్చునేవాడు. మధ్యాహ్నం బేరం పలచబడ్డాక అమ్మ చాయ్ చేసి తెచ్చేది. ఆయన గల్లా దగ్గర, ఆమె గడప దగ్గర, చాయ్ తాగుతూ ఏ సరుకు తెప్పించాలో, ఎవరి మాట నమ్మకూడదో మాట్లాడుకునేవారు. అన్నం ఆలస్యమైతే అమ్మ ఓర్చుకునేది గానీ చాయ్ ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరి వేసేది.

నేను డిగ్రీ చదువుతుండగా బాపు ఉన్నట్టుండి గుండెపోటుతో పోయాడు. ఏడాదిపాటు గల్లా ముందు ఆయన కూర్చునే పరుపు ఖాళీగానే ఉంది. పనివాడు సరుకు తూచి ఇచ్చేవాడు. బట్టల దుకాణం నడిపే చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, రోజుకోసారి వచ్చి చూసి పోయేవాడు. సంవత్సరీకం అయిన మర్నాడు ఆయన గడప అవతల నిలబడి అన్నాడు:

"వదినా, దుకాణం నాకు అప్పజెప్పు. నీకు, పిల్లకు ఏ లోటు రానియ్య. నువ్వు గల్లా మీద కూసుంటే పొద్దుగాల బోణీకి ఎవలొస్తరు? లోకం గురించి నీకెర్కనే గదా."

ఎరుకే. మా బజారులో రోజు మొదటి బేరం భర్త పోయిన ఆడదాని చేతి మీదుగా జరిగితే ఆ రోజంతా పోయినట్టేనని నమ్మేవాళ్ళు. చిన్నాయన చెడ్డవాడు కాడు, ప్రేమగానే అన్నాడు. కష్టమంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే కొట్లాడవచ్చు. దుకాణం కూడా పోతే మా అమ్మ ఆ పరదా వెనకే ఆరిపోతుందని నాకు భయం పట్టుకుంది. అమ్మ మాత్రం "యాత్రకు పోయొచ్చి చెప్త" అని ఊరుకుంది.

యాత్ర అంటే కాశీ, అక్కడి నుంచి నేపాలులో పశుపతినాథుడు. మా ఊరి నుంచి వెళ్ళే యాత్రల బస్సులో అమ్మ, నేను, నర్సంపేట పెద్దమ్మ ఎక్కాం. పెద్దమ్మ అమ్మకు సొంత అక్క. శాస్త్రాలన్నీ తన కొంగున ముడివేసుకున్నట్టు మాట్లాడేది. కాశీకి వెళ్తే ఇష్టమైనదొకటి వదిలేసి రావాలి గదా. మన వాళ్ళ తెలివి మీకు తెలియనిదా! ఒకరు కాకరకాయ వదిలారు. పెద్దమ్మ పనసపండు వదిలింది, ఆమె జన్మలో పనసతొన ముట్టింది లేదు. అమ్మ వంతు వచ్చింది. గంగలో నడుముదాకా దిగి, "చాయ్" అంది.

పెద్దమ్మ నోరు తెరిచింది. "చాయ్ కాయనా, పండా? గదేందే?"

"ఇష్టమున్నది ఇడువాల్నని గదక్కా" అంది అమ్మ. ఒడ్డుకు వచ్చి తడి కొంగు పిండుకుంటూ నాతో మెల్లగా, "ఆయనే లేనంక చాయ్ ఎందుకు, దుకాణం ఎందుకు బిడ్డా. మీ చిన్నాయనకు గదే చెప్త" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆ వేలాది మంది మధ్య ఎవరు పట్టించుకుంటారని ఏడ్చేశాను కూడా.

సరిహద్దు దాటి హెటౌడా అనే ఊరు విడిచాక రోడ్డు పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఖిలా వరంగల్‌లోని ఏకశిల గుట్టే మహా ఎత్తని నమ్మిన వాళ్ళం మేము. ఇక్కడ మలుపు మీద మలుపు, ఒక పక్క కొండ, ఇంకో పక్క అడుగు కనిపించని లోయ. మలుపు తిరిగినప్పుడల్లా బస్సంతా "శివశివా" అనేది. దేవదారు చెట్ల మధ్య నుంచి చలిగాలి ఈడ్చి కొట్టేది. దూరంగా మబ్బులనుకున్నవి కదలకపోయేసరికి డ్రైవరు నవ్వి, అవి మబ్బులు కావు, మంచు కొండలన్నాడు. నేను సీట్లోంచి లేచి నిలబడిపోయాను.

"అమ్మా, జర కండ్లు తెరువవే!"

"తెరిస్తే ఆ లోయ కనబడ్తది. నాకొద్దు తల్లీ" అని నిమ్మకాయ ఇంకా గట్టిగా నొక్కుకుంది.

దామన్ అనే ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా బస్సు ఆగిపోయింది. ముందు కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. మా ముందు లారీలు, వెనక బస్సులు. బస్సు కదలడం లేదని రూఢి చేసుకున్నాక అమ్మ కళ్ళు తెరిచింది. ఎదుటి కొండ నిండా మెట్లు మెట్లుగా పొలాలు. కాసేపు అట్లాగే చూసి, "ఈళ్ళు పొలాలను గుట్టకు ఆరేసిండ్రానే?" అంది. ఏడాది తర్వాత మా అమ్మ నోట విన్న మొదటి వేళాకోళం అది.

రోడ్డు పక్కన రేకుల కప్పుతో చిన్న చాయ్ కొట్టు ఉంది. అందులో ఒక్కతే ఆడమనిషి, నా ఈడుదే ఉంటుంది. ఒక చిన్న కెటిలు, దాని చుట్టూ చలికి వణుకుతున్న వంద చేతులు. ఆమె పాలు పొంగించేసింది, గ్లాసు పగలగొట్టింది, మాటిమాటికీ రోడ్డు వంక చూసి కళ్ళు తుడుచుకుంటోంది. పాల కోసం పొద్దున వెళ్ళిన మొగుడు ఆ కొండచరియకు అవతల ఉండిపోయాడట. బతికి ఉన్నాడో లేడో తెలియదట.

నా పక్కనే ఉన్న అమ్మ ఎప్పుడు కదిలిందో నాకు తెలియదు. చూసేసరికి కొట్టు లోపల ఉంది. "తుమ్ జర బైఠో, మై కర్తూఁ" అని మా బజారు ఉర్దూలో చెప్పి, ఆ పిల్లను పీట మీద కూర్చోబెట్టి పని తానందుకుంది. మా బస్సు మీది నుంచి వంటగిన్నె దింపించింది. అల్లం రాయితో చితక్కొట్టింది.

పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. "కాశీల ఇడిసినదాన్ని ముట్టుకుంటానవేందే? పాపం తగుల్తది!"

"తాగొద్దన్నరు గని పొయ్యొద్దన్నరా అక్కా? జర పక్కకు జరుగు, ఎన్కోళ్ళకు అందుతలేదు."

తాను తాగకూడదు గనక మొదటి గ్లాసు నాకిచ్చి, "చక్కెర సరిపోయిందా సూడు" అంది. సరిపోయిందని తల ఊపాను. నిజానికి నాకు రుచే తెలియలేదు, నా కళ్ళన్నీ ఆమె మీదే ఉన్నాయి. "ఏం గావాలె భాయ్? నీకా? నువ్వు ముందొచ్చినవు, నువ్వు తీస్కో" అని లారీ డ్రైవర్లను వరసలో నిలబెడుతోంది. వాళ్ళకు తెలుగు రాదు, అయినా నిలబడ్డారు. పరదా ఎక్కడా లేదు. మా అమ్మ గొంతు అంత పెద్దదని నాకు ఆనాడే తెలిసింది.

పొద్దు వాలే వేళకు మట్టి దిబ్బ మీదుగా మనుషులు ఒక్కొక్కరే నడిచి ఇవతలికి రాసాగారు. అందులో పాలక్యాను భుజాన పెట్టుకున్న ఒకణ్ణి చూసి కొట్టు పిల్ల కేక పెట్టి పరుగెత్తింది. అందరి ముందే వాణ్ణి పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, వీపు మీద రెండు గుద్దింది. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ చాలాసేపు వాళ్ళనే చూసింది. నేను దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఆమె మొగడు వచ్చిండు బిడ్డా" అంది. కొంగు నడుముకు దోపుకుని, "మీ బాపు రాడు. ఏడాది సంది ఆ పరుపు ఖాళీగ ఉంచి ఎదురుసూస్తాన్న. ఇగ సాలు" అంది.

"మరి చిన్నాయనకు ఏం చెప్తవే?"

"గల్లా మీద నేనే కూసుంటనని చెప్త. బోణీకి ఎవలు రాకుంటే రెండో బేరానికి వస్తరు."

వరంగల్ తిరిగొచ్చాక చెప్పింది. చిన్నాయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే అమ్మ పరదా తీసి మడిచి పెట్టెలో వేసి, గల్లా ముందు కూర్చుంది. ఎదురుగా జనం వస్తూ పోతూ ఉన్నారు గానీ ఒక్కరూ మెట్టు ఎక్కలేదు. అమ్మ తూకపురాళ్ళు తీసి మళ్ళీ వరసగా పేర్చింది. అంతలో చిన్నాయన వచ్చాడు. తన దుకాణం ఇంకా తెరవలేదు, తాళాల గుత్తి చేతిలోనే ఉంది. మొహం అటు తిప్పుకుని, "పావుకిల చాయ్‌పత్త ఇయ్యి వదినా. బోణీ చేసుకో" అన్నాడు. అమ్మ తూచి పొట్లం కట్టింది. ఆయన అందుకుని నేరుగా వెళ్ళి తన షట్టరు పైకెత్తాడు. బజారంతా చూసింది.

ఆ దుకాణం అమ్మ చేతి మీద చాలా ఏళ్ళు నడిచింది, నా చదువు, నా పెళ్ళి, అన్నీ దానిమీదే నడిచాయి. చాయ్ మాత్రం ఆమె మళ్ళీ ముట్టలేదు. దుకాణానికి ఎవరొచ్చినా పోసి ఇచ్చేది.

నేను సర్కారు దవాఖానలో మందులిచ్చే కిటికీ దగ్గర ఉద్యోగం చేశాను. మా ఆయన పోయినప్పుడు అమ్మ కూడా లేదు. ఇంకొన్నాళ్ళు సెలవు పెట్టమన్నారు అందరూ. నేనూ పెడదామనే అనుకున్నాను, ఆ కాగితం ఇవ్వడానికే దవాఖానకు వెళ్ళాను. కిటికీ ముందు వరస బయటి వేపచెట్టు దాకా ఉంది. ముందు నిలబడ్డ ముసలమ్మ చంకలో జ్వరంతో మండుతున్న పసిపిల్ల. లోపలికి వెళ్ళి, కుర్చీ లాక్కుని కూర్చుని, కిటికీ తెరిచాను. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"ఏం గావాలె అమ్మా?"