ఎడమచేతి ఆవకాయ

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. లాల్‌దర్వాజాలో మా గల్లీ చూసినవాళ్ళెవరూ నమ్మరు. స్కూటర్ ఎదురొస్తే బతికున్న మనిషే బల్లిలా గోడకు అతుక్కోవాలి, ఇక ప్రాణం లేనిదానికి దారెవరిస్తారు? కాబట్టి దీన్ని దయ్యం కథ అనుకోకండి. ఇది నాకు జరిగిన అన్యాయం. ఏడాది దాటినా కోపం దిగలేదు.

మాది భీమవరం వైపు. సర్కారు ఉద్యోగం కోసం వచ్చి పాతబస్తీలోనే ఇల్లు కొనుక్కున్నాను. నా భార్య సరోజ పోయాక కింద నేనొక్కణ్ణే. మేడమీద వాటాలో మార్క్, ఎల్సా అని స్కాట్లాండ్ దంపతులు అద్దెకుండేవాళ్ళు. ఊరి చివర పెద్ద బడిలో ఇద్దరూ టీచర్లు. సరోజను వాళ్ళు చూడలేదు. ఫొటో కూడా చూడలేదు. దండ వేసిన ఫొటో కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది, అందుకే బీరువాలో పెట్టి తాళం వేశాను.

వారమంతా వాళ్ళు ఉన్నట్టే తెలిసేది కాదు. శనివారం వచ్చిందంటే మూసీ ఎండిపోయేంత బట్టలు ఉతికేవాళ్ళు. సాయంత్రం చార్మినార్ దగ్గర ఒక పెళ్ళివారికి సరిపడా గాజులు కొనుక్కొచ్చేవాళ్ళు. ఆదివారం వంట. ఓట్స్ వేసి హలీమ్ చేసిన రోజున మా గల్లీ పిల్లులన్నీ మకాం మార్చాయి.

ఎల్సాకు తెలుగు నేర్పింది ఎదురింటి యాదమ్మ. దాంతో నా గోదావరి తెలుగు ఆ పిల్లకు ఎక్కేది కాదు. నేను రెండు 'అండి'లు కలిపి ఏదైనా అంటే, "ఏమంటున్నవ్ అన్నా, తెలుగుల చెప్పు" అనేది. నా ఇంట్లో ఉండి నాకే.

వాళ్ళ బడి ఒప్పందం అయిపోయింది, ఇంకో రెండు వారాల్లో వాళ్ళ దేశం వెళ్ళిపోతారు. ఆ ఆదివారం పొద్దున్నే పైన దంపుడు మొదలైంది. మేడమీద పడి ఉన్న మా రోట్లో ఏదో దంచుతున్నారు. నా ఫ్యాను ఉయ్యాలలా ఊగింది. పెచ్చులు రాలి కాఫీలో పడ్డాయి. కింద నుంచే కేకేశాను. జవాబు లేదు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ మీద బస్సులు ఆగేంత గట్టిగా మళ్ళీ అరిచాను. దంపుడు ఆగింది గాని ఎవరూ పలకలేదు. ఇంతకన్నా అవమానం ఉందా? మెట్లెక్కాను.

మా మెట్లు నా గుమ్మం ముందు నుంచే పైకి వెళ్తాయి. వేరే దారి లేదు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాల్సిందే. నాకు ఎవరూ ఎదురు రాలేదు.

పైన మార్క్ ఈత కళ్ళద్దాలు పెట్టుకుని కారం జల్లిస్తున్నాడు. బజారులో కొట్టించి తెచ్చిన మామిడి ముక్కల్ని ఎల్సా బేసిన్లో కలుపుతోంది. ఎడమచేత్తో. ఎల్సా అన్ని పనులూ కుడిచేత్తోనే చేస్తుంది.

తిట్టడానికి వచ్చిన సంగతి మరిచి బేసిన్ మీదికి వంగాను. ఎందుకో చెప్పాలి.

సరోజది ఎడమచేతి వాటం. ఎడమచేయి తగిలిన పచ్చడిని మా అమ్మ ముట్టేది కాదు. కుడిచేత్తో కలిపితే సరోజకు ఉప్పూ కారం పాళ్ళు కుదిరేవి కావు. అందుకని ప్రతి వేసవీ వంటింటి తలుపు గడియ పెట్టుకుని ఎడమచేత్తో ఆవకాయ కలిపేది. అమ్మ పోయాక కూడా ఆ గడియ అలవాటు పోలేదు. నేను ఒకసారి కిటికీ సందులోంచి చూశాను. చూసినట్టు అమ్మకూ చెప్పలేదు, సరోజకూ చెప్పలేదు. మూడో మనిషికి తెలిసే దారే లేదు.

ఆ చేతితో ఎందుకు కలుపుతున్నావని అడిగాను.

"గామె గట్లనే కలిపి చూపెట్టింది అన్నా."

"ఏ ఆమె?"

"కిందికెల్లి వచ్చింది గద. మీ సుట్టపామె అనుకున్న. గిప్పుడే దిగిపోయింది, నీకు ఎదురు రాలే?"

మార్క్ కళ్ళద్దాలు తీసి "ఔ" అన్నాడు. అతనికి వచ్చిన తెలుగంతా అదే.

పిలిస్తే ఎందుకు పలకలేదని అడిగాను. "నువ్వు అరుస్తుంటే గామె నోటి మీద ఏలు పెట్టుకుంది. సప్పుడు చెయ్యొద్దని నవ్వింది" అంది ఎల్సా.

వేడి అన్నంలో ఒక ముక్క కలిపి నాకు పెట్టారు. ఊరనిదైనా ఆ ఆవఘాటు నాకు తెలుసు. ఆ రుచి కోసం ఈ నగరంలో నేను ఎక్కని పచ్చళ్ళ దుకాణం లేదు, తిట్టని దుకాణదారు లేడు. అలాంటిది, కారం చూస్తేనే కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళకు వచ్చి నేర్పి వెళ్తుందా? నా గుమ్మం దాటి, నేను లోపల ఉండగా?

ఇదంతా యాదమ్మ పనేనని ఆమె మీదికి యుద్ధానికి వెళ్ళాను. ఆమె అప్పుడే సంచీతో ఆటో దిగి తాళం తీస్తోంది.

"నిన్నటి సంది చాంద్రాయణగుట్టల బిడ్డ ఇంట్ల ఉన్న సారూ. మా ఆవకాయల అల్లంవెల్లుల్లి పడకుంటే సచ్చిపోయిన మా అత్త లేచొస్తది. మీ పచ్చినూనె పచ్చడి నాకేం ఎరుక?"

తర్వాతి ఆదివారం పొద్దుటి నుంచీ మెట్ల మీదే కూర్చున్నాను. నేను బతిమాలితే ఆ మొగుడూ పెళ్ళాలు మధ్యాహ్నం దాకా ఖాళీ రోలు దంచారు. ఇరుగుపొరుగు నాకు పిచ్చెక్కిందన్నారు. మార్క్ చేతులు బొబ్బలెక్కాయి. ఎవరూ రాలేదు.

వాళ్ళు వెళ్ళేరోజు పెట్టెలు ఆటోలో పెడుతుంటే, అన్నాళ్ళూ నోటిదాకా వచ్చి ఆగుతున్న మాట ఎల్సాను అడిగాను. ఆరోజు వచ్చినామె బాగా చిక్కి ఉందా అని.

"సన్నగ లేదు అన్నా. మంచిగ ఒళ్ళు చేసింది. చేతులు బొద్దుగున్నయి. కొంగుతోని చెమట తుడుచుకుంట మస్తు నవ్వింది."

చివరి నెలల్లో సరోజను ఒంటిచేత్తో ఎత్తి పక్క మార్చేవాణ్ణి. ఉతికి ఆరిన చీరంత బరువుండేది. ఆ సంగతి వాళ్ళకు నేను చెప్పలేదు.

వచ్చిందెవరో, ఆ ఇద్దరూ ఏం చూశారో నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు. నవ్వినందుకు కోపంగా ఉంది. గుమ్మం దాకా వచ్చి లోపలికి తొంగిచూడనందుకు మరీ కోపంగా ఉంది. ఒళ్ళు చేసినందుకు మాత్రం కోపం లేదు.